ముసలితనాన్ని వాయిదా వేయడానికి ఏది ఎంచుకోవాలి: తిండి తగ్గించడమా, మాత్రలా, కండబలమా?

మా పెదనాన్నగారికి ఇప్పుడు 74 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఎవరో పంపిన వీడియోలు చూసి రోజుకి ఎనిమిది గంటల్లోపే తినడం మొదలుపెట్టారు. చివరికి అది దాదాపు ఒంటిపూట భోజనమైంది. ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గారు. షుగర్ రిపోర్ట్ చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ తర్వాత ఒక సాయంత్రం సోఫాలోంచి లేవబోయి మళ్లీ కూలబడ్డారు. రెండోసారి రెండు అరచేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి లేచారు. ప్యాంటు తొడల దగ్గర ఖాళీ సంచిలా వేలాడుతోంది. పోయిన ఎనిమిది కిలోల్లో కొవ్వెంత, కండెంత అనేది ఆ రిపోర్టులో లేదు.

అప్పటినుంచీ ఆయుష్షు పెంచే ఏ కొత్త పద్ధతి గురించి చదివినా నాకు ముందు ఆ సోఫా గుర్తొస్తుంది. వయసును నెమ్మదింపజేసే దారులు ఇవాళ చాలా ఉన్నాయి. ఏది పట్టుకోవాలో తెలియక చాలామంది అన్నీ కొంచెం కొంచెంగా చేస్తున్నారు. అందులో ఒక చిక్కుంది. వీటిలో కొన్ని ఒకదానికొకటి పడవు.

ఎందుకు పడవో చెబుతాను. మన కణాల్లో రెండు పనులు వంతులవారీగా నడుస్తుంటాయి: పెరగడం, బాగుచేసుకోవడం. తిండి దండిగా ఉంటే ఇన్సులిన్, ఐజీఎఫ్-1, ఎంటార్ లాంటి సంకేతాలు కణాన్ని పెరగమంటాయి. తిండి తగ్గితే కణం పెరుగుదల ఆపి, లోపల పాడైన ప్రోటీన్లను కరిగించి మళ్లీ వాడుకుంటుంది. దాన్నే ఆటోఫజీ అంటారు. 1993లో సింథియా కెన్యన్ బృందం ఒక చిన్న పురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువు మారితే ఆయుష్షు రెట్టింపు కంటే ఎక్కువవుతుందని చూపించింది. ఆ జన్యువు కూడా ఇన్సులిన్ తరహా సంకేతానికి చెందినదే. జంతువుల్లో ఆయుష్షు పెంచిన పద్ధతుల్లో చాలావరకు ఈ పెరుగుదల సంకేతాన్ని తగ్గించేవే. కండ పెరగడానికి, ఉన్న కండ నిలబడడానికి కావలసింది కూడా అదే సంకేతం. డెబ్బై దాటిన మనిషిని మంచాన పడేసే కారణాల్లో కండ కరిగిపోవడం ముందు వరసలో ఉంటుంది. ఎంపిక అంతా ఈ పీటముడి దగ్గరే ఉంది.

## ముందు తూకం రాళ్లు సరిచూసుకుందాం

ఏ పద్ధతి గురించి విన్నా నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది, ఎవరి మీద పరీక్షించారు? పురుగు మూడు వారాలు బతుకుతుంది, చిట్టెలుక రెండు మూడేళ్లు బతుకుతుంది. వాటి ఆయుష్షు కొలవడం తేలిక. కానీ ల్యాబ్ ఎలుకలు ఎక్కువగా చనిపోయేది క్యాన్సర్ గడ్డలతో. క్యాన్సర్‌ను కాస్త ఆలస్యం చేసే మందు ఏదైనా ఎలుక ఆయుష్షు పెంచినట్టే కనిపించవచ్చు. మనుషులు గుండెపోటుతో పోతారు, పక్షవాతంతో పోతారు, కిందపడి తుంటి విరిగి కోలుకోలేక పోతారు. ఎలుకల ప్రయోగాల్లో నేను బాగా నమ్మేది అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే ఇంటర్వెన్షన్స్ టెస్టింగ్ ప్రోగ్రామ్‌ను. ఒకే మందును మూడు వేర్వేరు చోట్ల, జన్యువులు కలగలిసిన ఎలుకల మీద ఒకేసారి పరీక్షిస్తారు. పేరున్న మందులు చాలా అక్కడ నిలబడలేదు.

రెండోది, ఏం కొలిచారు? రక్తంలో ఒక అంకె మారడం వేరు, మనిషి మెట్లెక్కగలగడం వేరు. ఇప్పుడు బాగా అమ్ముడవుతున్న ‘బయలాజికల్ ఏజ్’ టెస్టులు డీఎన్ఏ మీద ఉండే, వయసుతో మారే మిథైల్ గుర్తులనే రసాయన ముద్రలను లెక్కగడతాయి. 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన, వయసును అంచనా వేసే ‘గడియారం’ అలాంటి 353 చోట్లను చూస్తుంది. పెద్ద గుంపుల మీద పరిశోధనకు ఇవి పనికొస్తాయి. ఒక్క మనిషి విషయంలో మాత్రం ఒకే శాంపిల్‌ను రెండుసార్లు చూసినా కొన్నేళ్ల తేడా రావచ్చు. ఆ అంకెను చూసి టెన్షన్ పడడమూ, మురిసిపోవడమూ రెండూ దండగే.

మూడోది, బదులుగా ఏం పోతుంది? కండా, ఎముకా, రోగనిరోధక శక్తా? ఈ ప్రశ్న అమ్మేవాళ్లు ఎత్తరు, మనమే ఎత్తాలి. నాలుగోది, నా వయసులో, నాలాంటి ఒళ్లు ఉన్నవాళ్లు ఆ పరీక్షలో ఉన్నారా? పెదనాన్నగారి విషయంలో మేం అడగనిది ఇదే.

## కండ, ఊపిరి

1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల కేంద్రంలో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు పదిమందికి కాళ్లతో బరువులు ఎత్తే శిక్షణ ఇచ్చారు. వాళ్ల సగటు వయసు 90. కుర్చీలో కూర్చుని, కాలు ముందుకు చాపి బరువును లేపడం, మెల్లగా దించడం, అంతే పని. బరువు మాత్రం నామమాత్రం కాదు, వాళ్లు ఎత్తగలిగిన గరిష్ఠానికి దగ్గరగా పెట్టారు. ఎనిమిది వారాల్లో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. 1994లో అదే బృందం వందమంది మీద చేసిన పెద్ద పరీక్షలో ఇంకో విషయం తేలింది: వ్యాయామం లేకుండా పోషకాహార డ్రింక్ ఒక్కటే ఇచ్చినవాళ్లకు బలం పెరగలేదు.

తొంభై ఏళ్ల మనిషిలో ఇంత మార్పు తెచ్చిన మాత్ర ఇప్పటివరకు ఒక్కటీ లేదు. నన్ను ఎవరైనా ‘ఒక్కటే చెప్పు’ అని అడిగితే ఇదే చెబుతాను.

మిగతా ఆధారాలూ గట్టివే. 2014లో వచ్చిన లైఫ్ అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య, కూర్చునే ఉండే అలవాటున్న 1,635 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి నడక, కొంత బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు. ఇంకో గుంపుకి ఆరోగ్య పాఠాలు. సుమారు రెండున్నరేళ్లలో, 400 మీటర్లు నడవలేని స్థితికి చేరడం వ్యాయామ గుంపులో 18 శాతం తక్కువ. 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని చూసిన ప్యూర్ అధ్యయనంలో చేతి పట్టు ఐదు కిలోలు తక్కువైన కొద్దీ మరణం రిస్క్ 16 శాతం ఎక్కువగా కనిపించింది.

అయితే ఉన్నదున్నట్టు చెప్పాలి. వ్యాయామం ఆయుష్షునే పెంచుతుందా అన్నదానికి రుజువు ఇంత తేటగా లేదు. నార్వేలో 70 నుంచి 77 ఏళ్లవాళ్లు 1,567 మందిని ఐదేళ్లు గమనించారు. కోచ్ పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లకీ, మామూలు సలహా మాత్రమే అందుకున్నవాళ్లకీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సలహా అందుకున్నవాళ్లు కూడా బాగానే కదిలే మనుషులు కావడం అందుకు ఒక కారణం. కాబట్టి వ్యాయామం ఖాయంగా ఇచ్చేది సొంత కాళ్ల మీద తిరిగే ఏళ్లు. నాకది తక్కువ వరంలా అనిపించదు.

ఇది తీసుకునేది టైమ్, ఓపిక. మోకాళ్లు, భుజాలు పట్టేసే ప్రమాదం కొంత ఉంది. మొదటి రెండు నెలలు తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుంటే అది చాలావరకు తప్పుతుంది.

## తిండి తగ్గించడం

ఈ దారి పాతది. 1935లో క్లైవ్ మెకే బృందం తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని చూపించింది. ఆ తర్వాత పరీక్ష కోతుల దాకా వచ్చింది. 1980ల చివర్లో రెండు అమెరికన్ సంస్థలు రీసస్ కోతుల మీద విడివిడిగా మొదలుపెట్టాయి. విస్కాన్సిన్‌లో తక్కువ తిన్న కోతులు మెరుగ్గా బతికాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ కోతుల్లో, 2012లో లెక్క చూస్తే, ఆయుష్షు పెరగలేదు. ఎందుకా అని చూస్తే విస్కాన్సిన్ కోతుల మేతలో పంచదార చాలా ఎక్కువ, పైగా మామూలు గుంపు కడుపు నిండా తినేది. రెండో చోట మామూలు గుంపుకి కూడా మంచి తిండి, కొలతగానే పెట్టారు. అంటే అతిగా తినేవాళ్లు తగ్గిస్తే లాభం పెద్దది, మితంగా తినేవాళ్లు ఇంకా తగ్గిస్తే లాభం చిన్నది. నేను ఆ రెండు అధ్యయనాలనూ అలాగే అర్థం చేసుకున్నాను.

మనుషుల్లో బాగా జరిగిన పరీక్ష పేరు ‘క్యాలరీ’. ఊబకాయం లేని 200 మందికి పైగా రెండేళ్లు పాల్గొన్నారు. తిండిలో క్యాలరీలు 25 శాతం తగ్గించాలనుకున్నారు, నిలబెట్టుకోగలిగింది సుమారు 12 శాతమే. అన్ని సౌకర్యాలు, నిపుణుల సాయం ఉన్నవాళ్లకే అది సగం సాధ్యమైందంటే ఈ దారి ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ 12 శాతానికే బీపీ, కొలెస్ట్రాల్, ఇన్సులిన్ మెరుగయ్యాయి. డునెడిన్‌పేస్ అనే డీఎన్ఏ గడియారం ప్రకారం ముసలితనం వేగం 2 నుంచి 3 శాతం తగ్గింది. బదులుగా తుంటి, వెన్ను ఎముకల సాంద్రత కొంత పోయింది, కొవ్వుతో పాటు కండా తగ్గింది.

అందులో అందరూ యాభై, అంతకంటే తక్కువ వయసువాళ్లే. పెదనాన్నగారు ఆ పరీక్షకు అర్హులే కాదు.

ఫలానా గంటల్లోనే తినాలనే పద్ధతికి విడిగా మహత్తు ఉందని నాకు అనిపించడం లేదు. 2022లో 139 మంది మీద ఏడాదిపాటు చేసిన పరీక్షలో, క్యాలరీలు తగ్గించినవాళ్లకీ, అవే క్యాలరీలను ఎనిమిది గంటల్లో కుదించి తిన్నవాళ్లకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గంటలు పెట్టుకుంటే తక్కువ తినడం మీకు సులువవుతుందంటే పెట్టుకోండి. లేదంటే ఆ టెన్షన్ అక్కర్లేదు.

అరవై ఐదు దాటి, నిజంగా ఊబకాయం ఉన్నవాళ్ల సంగతి? 2017లో 160 మంది అలాంటివాళ్ల మీద జరిగిన పరీక్ష నాకు చాలా నచ్చింది. డైట్‌తో పాటు ఏరోబిక్ వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు 5 శాతం కండ కోల్పోయారు. బరువులు ఎత్తడం కూడా కలిపినవాళ్లు 3 శాతమే కోల్పోయారు, శరీర సామర్థ్యం పరీక్షలో అందరికంటే ఎక్కువగా, 21 శాతం మెరుగయ్యారు. తిండి తగ్గించేటప్పుడు బరువులు వదలకూడదని ఇంత సూటిగా చెప్పిన పరీక్షలు తక్కువ.

ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ల మీదా ఇదే మాట. గుండెజబ్బు, అధిక బరువు ఉండి షుగర్ లేని 17,604 మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గినట్టు 2023లో సెలెక్ట్ ట్రయల్ చూపించింది. ఆ రోగులకు అది గొప్ప వార్త. సన్నగా ఉన్న మనిషి ఆయుష్షు కోసం దాన్ని వాడడానికి ఆధారం లేదు. తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది, మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది.

## మెట్‌ఫార్మిన్

ఈ షుగర్ మాత్ర 1957 నుంచి మనుషులకు ఇస్తున్నారు. చవక, భద్రత ఎరిగినది. 2014లో బ్రిటన్ రికార్డుల్లో ఒక ఆశ్చర్యం కనిపించింది: మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు, అసలు షుగర్ లేనివాళ్లకంటే కాస్త మెరుగ్గా బతికినట్టు తేలింది. దాంతో ఇది ఆయుష్షు మాత్రగా పేరు తెచ్చుకుంది. 2022లో డెన్మార్క్ రికార్డులతో మళ్లీ చూస్తే ఆ లాభం కనిపించలేదు. నేను ముందు చెప్పిన ఎలుకల ప్రోగ్రామ్‌లోనూ ఇది ఒక్కటే ఇస్తే ఆయుష్షు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. నిర్ బార్జిలాయ్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన టేమ్ అనే ట్రయల్, 65 నుంచి 79 ఏళ్లవాళ్లు 3,000 మంది మీద దీన్ని తేల్చాలన్నది, ఏళ్ల తరబడి డబ్బు కోసం ఎదురుచూసింది. పేటెంట్ అయిపోయిన మాత్ర మీద ఖర్చుపెట్టే కంపెనీ ఏది ముందుకొస్తుంది? ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

నష్టం సంగతి చూద్దాం. 2019లో మాస్టర్స్ అనే ట్రయల్‌లో 65 దాటిన ఆరోగ్యవంతులకు 14 వారాలు బరువుల శిక్షణ ఇచ్చారు. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లకు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే కండ తక్కువ పెరిగింది. అదే ఏడాది ఇంకో పరీక్షలో ఏరోబిక్ వ్యాయామం ఇచ్చే లాభాన్ని కూడా ఇది కొంత తగ్గించినట్టు కనిపించింది. దీర్ఘకాలం వాడితే బీ12 తగ్గవచ్చు.

షుగర్ అంచున ఉన్నవాళ్లకు మాత్రం లెక్క వేరు. 2002లో 3,234 మందితో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో మెట్‌ఫార్మిన్ షుగర్ రావడాన్ని 31 శాతం తగ్గించింది. నడక, బరువు తగ్గడం కలిపిన జీవనశైలి మార్పు 58 శాతం తగ్గించింది, అరవై దాటినవాళ్లలో 71 శాతం. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ రాసిన మాత్ర కండ పేరు చెప్పి మానేయొద్దు. షుగర్ లేనివాళ్లు వ్యాయామం మీదికి దీన్ని తెచ్చిపెట్టుకోవద్దు.

## రాపమైసిన్

1964లో కెనడా నుంచి వెళ్లిన ఒక బృందం పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపం మట్టి నమూనాలు తెచ్చింది. ద్వీపం స్థానిక పేరు రాపా నూయి, మందు పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి మాంట్రియల్‌లో ఈ పదార్థాన్ని వేరుచేసిన బృందానికి నాయకుడు సురేంద్రనాథ్ సెహగల్, అవిభక్త భారతదేశంలో పుట్టిన శాస్త్రవేత్త. కంపెనీ ఆ ల్యాబ్ మూసేసినప్పుడు ఆయన ఆ బ్యాక్టీరియాను ఇంటి ఫ్రీజర్‌లో దాచిపెట్టారు. ఆయన దాచకపోయుంటే ఎంటార్ అనే మాటే (రాపమైసిన్ గురిపెట్టే చోటు అని దానర్థం) ఇంకెప్పటికి పుట్టేదో. 1999లో కిడ్నీ మార్పిడి రోగులకు, కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా, ఇది ఆమోదం పొందింది.

2009లో ఇదే ఎలుకల ప్రోగ్రామ్‌లో 600 రోజుల వయసున్న ముసలి ఎలుకలకు ఇచ్చారు. మగవాటిలో 9, ఆడవాటిలో 14 శాతం ఆయుష్షు పెరిగింది. ముసలితనంలో మొదలుపెట్టినా పనిచేసిందన్నదే ఇందులో విశేషం. జంతువుల్లో ఇంత గట్టిగా, ఇన్నిసార్లు నిలబడిన మందు ఇంకొకటి లేదు.

మనుషుల దగ్గరకొచ్చేసరికి కథ ఒడిదొడుకులతో నడిచింది. 2014లో జోన్ మానిక్ బృందం దీని చుట్టమైన ఎవెరోలిమస్‌ను వృద్ధులకు కొద్ది వారాలు చిన్న డోసులో ఇస్తే ఫ్లూ టీకాకు స్పందన సుమారు 20 శాతం మెరుగైంది. అదే దారిలో వచ్చిన ఇంకో మందు 2019లో పెద్ద ట్రయల్‌లో విఫలమైంది. పెర్ల్ అనే 48 వారాల ట్రయల్‌లో వారానికి 10 మిల్లీగ్రాముల రాపమైసిన్ తీసుకున్న మహిళల్లో కండ, నొప్పి విషయంలో కొంత లాభం కనిపించింది. ఆ పరీక్ష చిన్నది, ఆయుష్షు గురించి ఏమీ చెప్పలేదు. పెంపుడు కుక్కల మీద ఒక పెద్ద ట్రయల్ నడుస్తోంది. మనలాగే ఇళ్లలో తిరిగే జంతువులు కాబట్టి నేను ఎలుకల ఫలితాలకంటే దానికోసం ఎక్కువ ఎదురుచూస్తున్నాను.

నోటి పుండ్లు, కొలెస్ట్రాల్ పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం, ఇన్ఫెక్షన్ల రిస్క్: ఇవి తెలిసిన ఇబ్బందులు. ఈ జాబితాలో ఎక్కువ ఆశ నాకు దీనిమీదే ఉంది. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇప్పుడే వేసుకోమని చెప్పలేను.

## సప్లిమెంట్లు, ముసలి కణాల మందులు, కణాల్ని వెనక్కి తిప్పడం

ఎన్‌ఎంఎన్, ఎన్‌ఆర్ అనే క్యాప్సూల్స్ కణాలకు శక్తినిచ్చే ప్రక్రియలో పనిచేసే ఎన్‌ఏడీని పెంచుతాయి. రక్తంలో అది నిజంగానే పెరుగుతుంది. దానివల్ల మనిషికి ఏం ఒరిగిందన్న దగ్గరే కథ ఆగిపోతోంది. 2021లో షుగర్ అంచున ఉన్న, మెనోపాజ్ దాటిన 25 మంది మహిళలతో జరిగిన చిన్న ట్రయల్‌లో కండరాలు ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించాయి. బరువు, బీపీ మారలేదు. ఎన్‌ఆర్ ఎలుకల ప్రోగ్రామ్‌లో ఆయుష్షు పెంచలేదు. రెస్వెరట్రాల్ కూడా పెంచలేదు. దాని వెనకున్న సర్ట్రిస్ కంపెనీని 2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో మూసేసింది. వీటికి ఇంతకంటే చోటు ఇవ్వబుద్ధి కావడం లేదు.

ముసలి కణాలను తొలగించే మందులైన సెనోలిటిక్స్ వెనకున్న ఆలోచన అందమైనది. కొన్ని కణాలు విభజన ఆపేసి, చావకుండా, చుట్టుపక్కల మంట పుట్టించే రసాయనాలు వదులుతూ కూర్చుంటాయి. వాటిని తీసేస్తే? 2011లో మేయో క్లినిక్ శాస్త్రవేత్తలు త్వరగా ముసలివయ్యేలా జన్యువులు మార్చిన ఎలుకల్లో వాటిని తొలగించి, కొన్ని ముసలి లక్షణాలు ఆలస్యమవడం చూశారు. 2015లో డసాటినిబ్, క్వెర్సెటిన్ జంట వచ్చింది. డసాటినిబ్ రక్త క్యాన్సర్ మందు అన్న సంగతి మరిచిపోకూడదు. 2019లో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బున్న 14 మందికి ఇచ్చిన తొలి పరీక్షలో నడక వేగం మెరుగైంది, కానీ పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు. 2020లో మోకాలి కీళ్ల అరుగుదలకు ప్రయత్నించిన ఇంకో మందు విఫలమైంది. పైగా గాయం మానడంలో ఆ ముసలి కణాలకీ కొంత పాత్ర ఉంది. అన్నిటినీ ఊడ్చేయడం మంచిదో కాదో ఇంకా తేలాలి.

జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా 2006లో నాలుగు జన్యువులతో పెద్ద కణాన్ని పిండదశ లాంటి కణంగా మార్చి, 2012లో నోబెల్ అందుకున్నారు. కొద్దిసేపు మాత్రమే వెనక్కి తిప్పి ఆపేస్తే కణం తన పని మరిచిపోకుండా కుర్రదవుతుందా అన్నది ఇప్పటి ప్రశ్న. ఎక్కువసేపు తిప్పిన ఎలుకల్లో గడ్డలు పుట్టాయి. ఇది శ్రద్ధగా గమనించాల్సిన పరిశోధన, ఇవాళ కొనుక్కునే వస్తువు కాదు. కుర్రవాళ్ల ప్లాస్మా ఎక్కించుకోవడం గురించి అయితే 2019లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది: లాభం రుజువు కాలేదు, రిస్క్ ఉంది అని.

## ఆయుష్షు జాబితాల్లో ఎక్కని మూడు పనులు

సిగరెట్. బ్రిటిష్ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో లెక్క తేల్చింది. కాల్చేవాళ్లు సగటున పదేళ్లు ముందు పోయారు. 30 ఏళ్లకు మానితే ఆ పదేళ్లూ దాదాపుగా తిరిగొస్తాయి, 40కి మానితే తొమ్మిది, 50కి ఆరు, 60కి మూడు.

బీపీ. 2015 నాటి స్ప్రింట్ ట్రయల్‌లో యాభై దాటి, గుండెజబ్బు రిస్క్ ఉన్న, షుగర్ లేని 9,361 మందిలో పై బీపీని 140 బదులు 120 లోపుకి తెచ్చేలా మందులిస్తే మరణాలు 27 శాతం తగ్గాయి. కళ్లు తిరగడం, కిడ్నీ ఇబ్బందులు కొంత పెరిగాయి. మరణాలను కూడా కొలిచిన ట్రయల్ ఇది. పైన చెప్పిన ఏ ఆయుష్షు మాత్రకూ ఆరోగ్యవంతుల్లో ఇలాంటి రుజువు లేదు.

టీకాలు. బ్రిటన్‌లోని వేల్స్‌లో షింగిల్స్ (ఒంటి మీద నొప్పితో పొక్కులు లేచే జబ్బు) టీకా 1933 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకే ఇచ్చారు. అంతకు కొన్ని వారాల ముందు పుట్టినవాళ్లకు దక్కలేదు. ఈ తేదీ గీతకు రెండువైపులా ఉన్నవాళ్లను పోలిస్తే, టీకా వేయించుకున్నవాళ్లలో ఏడేళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) దాదాపు ఐదో వంతు తక్కువ. 2025లో వచ్చిన ఈ ఫలితం చదివిన వారంలోనే ఇంట్లో పెద్దవాళ్ల టీకాల గురించి డాక్టర్‌ను అడిగాను.

## ఒక్క చూపులో

| దారి | మనుషుల్లో రుజువు | కండ మీద ప్రభావం | చూసుకోవాల్సింది |
|---|---|---|---|
| బరువులు, నడక | గట్టిది. ముఖ్యంగా తిరగగలిగే శక్తికి | పెంచుతుంది | కీళ్ల గాయాలు |
| బీపీ అదుపు, సిగరెట్ మానడం | చాలా గట్టిది. మరణాల మీదే | మార్పు లేదు | బీపీ మరీ పడిపోవడం |
| తిండి తగ్గించడం | 50 లోపువారిలో రక్త పరీక్షల మేరకు | తగ్గిస్తుంది | ఎముకలు, సన్నటి పెద్దవాళ్లు |
| మెట్‌ఫార్మిన్ | షుగర్‌కు గట్టిది, ఆయుష్షుకు తేలలేదు | వ్యాయామ లాభానికి కొంత అడ్డు | బీ12 |
| రాపమైసిన్ | చిన్న పరీక్షలే | తేలలేదు | ఇన్ఫెక్షన్లు, కొలెస్ట్రాల్ |
| ఎన్‌ఎంఎన్, ఎన్‌ఆర్ | రక్తంలో అంకె మేరకు | స్పష్టత లేదు | డబ్బు |
| సెనోలిటిక్స్ | తొలి దశ | తేలలేదు | క్యాన్సర్ మందు దుష్ఫలితాలు |

## మీరు ఎవరైతే ఏది

నలభైల్లో ఉండి, బొజ్జ, షుగర్ అంచు ఉన్నవాళ్లు. తిండి తగ్గించడం వల్ల ఎక్కువ లాభం మీకే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజుల బరువులు దానికి జతచేయండి. మెట్‌ఫార్మిన్ డాక్టర్ సూచిస్తే తీసుకోండి.

నలభై, యాభైల్లో సన్నగా, చురుగ్గా ఉండి ఇంకేం చేయాలా అని వెతికేవాళ్లు. మీకు మాత్రలు ఇచ్చే అదనపు లాభం ఎంతో ఎవరూ కొలవలేదు. బీపీ ఇంట్లో కొలుచుకోండి. బలం పెంచుకోవడానికి మంచి కాలం ఇదే, అరవై తర్వాత ఖర్చుపెట్టేది ఇప్పుడు దాచుకున్న కండనే.

అరవై ఐదు దాటినవాళ్లు. బరువు తనంతట తాను తగ్గుతుంటే దాన్ని మంచి వార్తగా తీసుకోకండి, డాక్టర్‌కు చెప్పండి. ఉపవాసాల జోలికి పోవద్దు. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ రోజూ అందాలని వృద్ధుల పోషణ నిపుణులు సూచిస్తారు. బరువులతో పాటు బ్యాలెన్స్ వ్యాయామం వారానికి మూడు రోజులు చేయండి.

ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్ష చెబుతాను. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరుండాలి. 70 నుంచి 74 ఏళ్ల మగవాళ్లకు 12 కంటే, ఆడవాళ్లకు 10 కంటే తక్కువైతే సగటుకంటే కింద ఉన్నట్టు, పడిపోయే రిస్క్ ఉన్నట్టు. పెదనాన్నగారు మొదటి రోజు ఆరుసార్లు లేచి, ఏడోసారి చేతులు విప్పేశారు. రెండుపూటలా భోజనం, వారానికి మూడు రోజులు కుర్చీ వ్యాయామం, తర్వాత కాళ్లకు కట్టుకునే బరువులు. ఐదు నెలలకి పదకొండు వచ్చాయి. పన్నెండు కోసం పట్టుబడుతున్నారు. షుగర్ కాస్త పెరిగితే డాక్టర్ మాత్ర డోసు సరిచేశారు, ఆ బేరం మాకు సమ్మతమే.

అన్నీ తెలిసినా రాపమైసిన్ లాంటిది ప్రయత్నించి తీరతాననేవాళ్లు. మొదట దగ్గరలో క్లినికల్ ట్రయల్ ఉందేమో చూడండి. అందులో మీ రక్త పరీక్షలు ఎవరో ఒకరు క్రమంగా గమనిస్తారు, మీ ఫలితం మరొకరికీ పనికొస్తుంది. అది దొరక్కపోతే, మీకు తెలిసిన డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండి. ఆపరేషన్, పళ్లు తీయించుకోవడం, టీకాలు ఏవి రాబోతున్నా వేసుకుంటున్న సంగతి ముందే చెప్పండి.

ఏది మొదలుపెట్టినా ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, బరువు, బీపీ, 30 సెకన్ల కుర్చీ లెక్క, 400 మీటర్లు నడవడానికి పట్టిన నిమిషాలు రాసిపెట్టుకోండి. మూడు నెలలకి మళ్లీ రాయండి. రక్తంలో అంకెలు బాగుపడి కుర్చీ లెక్క తగ్గితే, ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి.